నాలుగు హద్దుల అవతలి మనిషి

(2020 మే 7 విషవాయు దుర్ఘటన మృతుల స్మృతిలో విశాఖపట్నంలోని గోపాలపట్నంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి వెలువడిన స్టైరీన్ ఆవిరికి బలైన వారి స్మృతిలో మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు కొంత సంకోచించాను. ఆ రాత్రి గురించి చెప్పే అర్హత నాకంటే ఈ సభలో కూర్చున్న బాధిత కుటుంబాల వారికే ఎక్కువ. అధికారిక లెక్క ప్రకారం 12 మంది పోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ట్యాంకులో వేడి ఎలా పెరిగిందో, సైరన్ ఎందుకు మోగలేదో ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి సంఘం 2020 జులైలో తన నివేదికలో రాసింది. కర్మాగారాన్ని అక్కడి నుంచి తరలించాలని కూడా సిఫారసు చేసింది. గోడకు అవతలి సంగతి అది. ఈ రోజు నేను గోడకు ఇవతలి సంగతి మాట్లాడతాను. రసాయన కర్మాగారం పక్కన వేల మంది నిద్రపోయే ఇళ్లు ఉండవచ్చునని ఈ నగరంలో ఎవరు, ఎప్పుడు, ఏ కాగితం మీద నిర్ణయించారు?

వెతికితే అలాంటి కాగితం దొరకదు. ఎవరూ ఆ నిర్ణయం చేయలేదు. ఒక్కొక్క ప్లాటుగా, ఒక్కొక్క ఇల్లుగా, ఒక్కొక్క సంతకంగా అది జరిగిపోయింది.

నా మనవి ఒక్కటే. మన పురపాలనలో భూ వినియోగ అనుమతి ఇద్దరి మధ్య వ్యవహారంగా నడుస్తోంది. అడిగేవారు ఒకరు, ఇచ్చేవారు ఒకరు. ఆ నిర్ణయం బరువు జీవితాంతం మోసే మూడో మనిషి, అంటే పక్కింటివాడు, ఆ వీధివాడు, ఫైల్లో ఎక్కడా కనిపించడు. అతనికి అక్కడ చోటు కల్పించవలసిన బాధ్యత ఎన్నికైన నగర పాలకమండలిది. ఆ పని జరగనందువల్లనే ఈ నగరం తన ప్రమాదాలను తానే పక్కలో పెట్టుకుని పెరిగింది.

మన ఇళ్ల దస్తావేజు ఏదైనా తీసి చూడండి. చివర షెడ్యూలు ఉంటుంది. సర్వే నంబరు, ప్లాటు నంబరు, ఎన్ని చదరపు గజాలు, ఆ తర్వాత నాలుగు హద్దులు. తూర్పు: 30 అడుగుల రోడ్డు. ఉత్తరం: ఫలానా వారి ఇల్లు. కర్మాగారం పక్క లేఅవుటయితే ఒక దిక్కున ‘కంపెనీ ప్రహరీ’ అని రెండు మాటలుంటాయి. ఆ ప్రహరీ లోపల ఏం నిల్వ ఉంది, గాలి ఎటు వీస్తే ఎవరికి ముప్పు అన్నది రిజిస్ట్రారు అడగడు. కొనేవాడికి చెప్పేవారూ ఉండరు. మంజూరుకు పెట్టే సైట్ ప్లానులోనూ అంతే. వీధి వెడల్పు, సెట్‌బ్యాకులు, ఇంకుడు గుంత, పార్కింగు అన్నీ కొలతలతో సహా ఉంటాయి. పొరుగు మాత్రం ఒక గీతగా మిగులుతుంది.

ఈ అలవాటుకు చరిత్ర ఉంది. మన తీరంలో పురపాలన పాతదే. భీమునిపట్నం పురపాలక సంఘం 1861 నాటిది. 1865లో మద్రాసు పట్టణాల అభివృద్ధి చట్టం, 1884లో జిల్లా మునిసిపాలిటీల చట్టం వచ్చాయి. ఆ తొలినాటి సంఘాల చింత దీపాలు, మురుగు, కలరా, వీధి మీదికి వచ్చిన అరుగులు. ఎక్కడ ఏమి కట్టాలన్న ప్రశ్న వారి ముందుకు రాలేదు. ఆ ప్రశ్నను పాలకుల ముందు పెట్టిన వాళ్లలో స్కాట్లాండు నుంచి వచ్చిన పాట్రిక్ గెడ్డెస్ ఒకరు. 1914-15లో మద్రాసు రాష్ట్రంలోని బళ్లారి, మదురై, తంజావూరు వంటి ఊళ్ల సందులన్నీ కాలినడకన తిరిగి నివేదికలు రాశారు. గీత గీయడానికి ముందు ఆ వీధిలో నడవాలి, అక్కడివారి బతుకు చూడాలి, కూల్చేది వీలైనంత తక్కువగా ఉండాలి: ఇదీ గెడ్డెస్ పద్ధతి. 1920లో మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం వచ్చింది. పద్ధతి మాత్రం నివేదికల్లోనే ఉండిపోయింది.

విశాఖ విషయానికి వస్తే, ఇక్కడి భూమిని పురపాలక సంఘం ఎన్నడూ పూర్తిగా చూడలేదు. 1933లో హార్బరు ప్రారంభమైంది. 1941లో నౌకానిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1957లో రిఫైనరీ, ఆపైన నౌకాదళ స్థావరం, 1971లో ఉక్కు కర్మాగారానికి పునాదిరాయి. ఒక్కొక్క సంస్థా తనకు కావలసిన నేల తాను తీసుకుంది. రైల్వే భూమి రైల్వేది, కొండ చుట్టూ భూమి సింహాచలం దేవస్థానానిది. ఊరు మిగిలిన నేల మీద సర్దుకుంది. 1978లో పట్టణాభివృద్ధి సంస్థ వుడా వచ్చింది, 2018లో అది వీఎంఆర్‌డీఏ అయింది. మాస్టర్ ప్లాన్ వారి చేతిలో, జోన్ మార్పు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో, ఇంటి ప్లాను కమిషనర్ చేతిలో ఉన్నాయి. 1979లో కార్పొరేషన్ అయి, 2005 నవంబరు 21న గాజువాకతో పాటు 32 గ్రామాలను కలుపుకుని మహా విశాఖ అయిన సంస్థలో, ప్రజలు ఓటు వేసి పంపిన సభకు మిగిలింది టెండర్లు, పేర్లు, లీజులు. సమావేశం మొదలయ్యాక చేతికందే టేబుల్ అజెండా సంగతి మీలో చాలామందికి తెలుసు.

ఈ నేపథ్యంలో 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ ఇక్కడికి వచ్చింది. అప్పటి నగరానికి ఇది దూరం. 1997లో ఎల్.జి. చేతికి వెళ్లేనాటికి నగరం దాని గుమ్మం దాకా వచ్చేసింది. వచ్చినవారిని తప్పుపట్టే మాటలు ప్రమాదం తర్వాత చాలా విన్నాం. అది అన్యాయం. పోర్టులో, షిప్‌యార్డులో, రైల్వేలో, ఉక్కులో పనిచేసే మనిషికి జీతానికి తగ్గ ధరలో గజం స్థలం దొరికే చోటు ఇదే. కొన్ని ఇళ్లు ప్రభుత్వం కట్టించిన కాలనీల్లోవి. నీళ్ల కుళాయి ఇచ్చినవారు, కరెంటు మీటరు పెట్టినవారు, ఇంటి పన్ను వసూలు చేసినవారు ఎవరూ అడ్డు చెప్పలేదు.

భోపాల్‌లోనూ ఇదే జరిగింది. అక్కడ 1984 డిసెంబరులో విషవాయువు వెలువడింది. కర్మాగారం గోడ పక్క గుడిసెల వారికి అదే ఏడాది పట్టాలు ఇచ్చారు. ఆ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకరమైన కర్మాగారం ఎక్కడ పెట్టాలో పరిశీలించడానికి స్థల పరిశీలనా సంఘం ఏర్పాటు చేశారు. మంచిదే. అయితే ఆ సవరణ ఒకవైపే చూసింది. జనం దగ్గరికి కర్మాగారం రాకుండా చూసే ఏర్పాటు చేసింది గాని, ఉన్న కర్మాగారం దగ్గరికి కాలనీ రాకుండా చూసే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు. మన వెంకటాపురం సరిగ్గా ఆ సందులో పడింది.

యూరప్ మన దుఃఖం నుంచి ఎక్కువ నేర్చుకుంది. 1976 జులైలో ఇటలీలోని సెవెసో దగ్గర విషవాయువు వెలువడితే, ఆ ఊరి పేరుతో పిలిచే ఆదేశం 1982లో వచ్చింది. దాన్ని 1996లో తిరగరాసినప్పుడు కర్మాగారాలకూ ఇళ్లకూ మధ్య తగిన దూరం ఉంచాలని, కొత్త కర్మాగారానికి అనుమతి ఇచ్చేటప్పుడే గాక పాత కర్మాగారం పక్క కొత్త ఇళ్లకు అనుమతి ఇచ్చేటప్పుడూ అది చూడాలని చేర్చారు. అలా ఎందుకు చేర్చారో చెబుతూ పీఠికలో భోపాల్ పేరు రాశారు. 2001 సెప్టెంబరులో ఫ్రాన్సులోని తులూజ్ నగరంలో ఎరువుల కర్మాగారం పేలి 31 మంది చనిపోతే, 2003లో ఆ దేశం ఇంకో అడుగు వేసింది. ముప్పు ఉన్న కర్మాగారాల చుట్టూ గీత గీసి, ఆ లోపలి ఇళ్లను అవసరమైతే కొనడానికి చట్టం చేసింది. మనకు 1997 సెప్టెంబరు 14 ఉంది. ఆ రోజు హెచ్.పి.సి.ఎల్. రిఫైనరీ ప్రమాదంలో సుమారు 60 మంది పోయారు, పక్కనున్న మల్కాపురం జనం కట్టుబట్టలతో పరుగులు తీశారు. ఆ అనుభవం నుంచి మన మాస్టర్ ప్లానులో అలాంటి గీత ఒకటి పుట్టి ఉండవలసింది.

గీతకు బదులు మనకు క్రమబద్ధీకరణ వచ్చింది. 2007లో, 2015లో, 2019లో బీపీఎస్ పథకాలు పెట్టారు. అనుమతి లేని కట్టడానికి, ఉన్న అనుమతిని దాటిన కట్టడానికి రుసుము కడితే కాగితం వస్తుంది. తెలిసి అనుమతి దాటి వేసిన అంతస్తునూ, పేదవాడు తెలియక వేసుకున్న గదినీ ఒకే గాటన కట్టే పథకాలివి. వాటి వల్ల ఖజానాకు డబ్బు వచ్చింది, మధ్యతరగతికి బ్యాంకు అప్పు దొరికింది. కానీ ముందు చెప్పవలసిన మాటను వెనక అమ్ముకునే అలవాటు ఒకసారి పడితే ముందు మాటకు విలువ పోతుంది. ఇది నా నిశ్చితాభిప్రాయం.

ఇదే నగరంలో దీనికి సరిగ్గా విరుద్ధమైన కథ నడిచింది. అడవివరం, వెంకటాపురం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి పంచగ్రామాల్లో భూమి సింహాచలం దేవస్థానానిదా, తరాలుగా ఉంటున్నవారిదా అన్న వివాదం తేలక, వేల కుటుంబాలు ఇల్లు అమ్మలేక, ప్లాను తెచ్చుకోలేక నలిగిపోయాయి. కొందరికి అడిగిందల్లా ఇచ్చేశారు, ఇంకొందరికి అడిగినా ఇవ్వలేదు. రెండు సందర్భాల్లోనూ ఆ వీధివారిని కూర్చోబెట్టి విన్నవారు లేరు.

మూడో మనిషిని మన న్యాయస్థానాలు చాలాకాలం కిందటే గుర్తించాయి. ఉడుపిలో కల్యాణ మండపం, ఉపన్యాస మందిరం అని అనుమతి తీసుకుని, తర్వాత దాన్ని సినిమా హాలుగా మార్చుకున్నారు. ఆ పేటలో ఉండే ఒక పౌరుడు కోర్టుకు వెళ్లాడు. పట్టణ ప్రణాళికా పథకం అక్కడ నివసించేవారి మేలు కోసమని, దాన్ని అమలు చేయమని అడిగే హక్కు వారికి ఉందని, పథకానికి విరుద్ధంగా అనుమతి ఇచ్చే అధికారం పురపాలక సంఘానికి లేదని 1974లో సుప్రీంకోర్టు తేల్చింది. బెంగళూరులో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ఆసుపత్రికి కేటాయిస్తే, 1991లో ఆ పేటవాసుల మాటే నెగ్గింది. ఆసుపత్రి మంచిదే అయినా పార్కు స్థలం దానికి పోకూడదని కోర్టు అంది. 2024 డిసెంబరులో ఇంకో మాట చెప్పింది: మంజూరైన ప్లాను నిర్మాణం సాగినన్నాళ్లూ ఆ స్థలం దగ్గర అందరికీ కనిపించేలా పెట్టాలి. గోపాలపట్నం నుంచి పెందుర్తి దాకా రోడ్డుకు రెండు వైపులా లేస్తున్న కట్టడాలు చూస్తూ ఒకసారి నడవండి. ప్లాను బోర్డు ఎన్నిచోట్ల ఉందో మీరే లెక్కపెట్టుకోవచ్చు.

ఇక వీధి సంగతి. మే 7 తెల్లవారుజామున ప్రాణం కాపాడుకోవడానికి మనిషికి ఉన్నది వీధి ఒక్కటే. చీకట్లో, కళ్లు మండుతుండగా, పిల్లల్ని భుజాన వేసుకుని పరిగెత్తినవారు కాలువల్లో, రోడ్ల మీద కుప్పకూలిపోయారు. సందు చివర గోడ ఉంటే ఆ పరుగు అక్కడే ఆగిపోతుంది. అందుకే భూ వినియోగం, వీధి మూసివేత రెండూ వేరు వేరు ఫైళ్లు కావని నేను అంటాను. లేఅవుటు వేసేటప్పుడు రోడ్లను, పది శాతం ఖాళీ స్థలాన్ని స్థానిక సంస్థకు దానపత్రం రాసి ఇస్తారు. ఆ క్షణం నుంచి అవి ఆ కాలనీవారివి కూడా కావు, ఊరందరివి. తర్వాత ఎవరో గేటు పెడతారు, ఎవరో షెడ్డు వేస్తారు, పక్క లేఅవుటుతో కలవకుండా గోడ కడతారు. కొన్నాళ్లకు అదే హక్కన్నట్టు చలామణి అవుతుంది.

వీధిని మూయకూడదని నేను అనడం లేదు. ఏటా ఆషాఢంలో సింహాద్రి అప్పన్న గిరిప్రదక్షిణ నాడు 32 కిలోమీటర్ల దారి పొడవునా, కొత్తరోడ్డు నుంచి మన గోపాలపట్నం, ప్రహ్లాదపురం, గోశాల మీదుగా వాహనాలు ఆగిపోతాయి. ఎవరూ సణుగుకోరు. పైగా మజ్జిగ, మంచినీళ్లు పట్టుకుని గుమ్మాల్లో నిలబడతారు. ఎప్పుడు మూస్తారో, ఎందుకో, మళ్లీ ఎప్పుడు తెరుస్తారో అందరికీ ముందే తెలుసు. మూసేది అందరి కోసమని తెలుసు.

చట్టం కూడా ఈ మర్యాదను ఎరుగును. 1888 నాటి బొంబాయి నగర పాలక చట్టంలో ఒక నియమం ఉంది. వీధిని శాశ్వతంగా మూయాలంటే, ఆ విషయం నిర్ణయించే సమావేశానికి కనీసం నెల ముందు ఆ వీధిలోనే నోటీసు అంటించాలి. రాతపూర్వకంగా వచ్చిన అభ్యంతరాలను నగర సభ పరిశీలించాలి. ఆ తర్వాతే తీర్మానం. సుప్రీంకోర్టు 1965లో అప్పట్లో ఉత్తరప్రదేశ్‌లో ఉన్న మంగలౌర్ పట్టణం కేసులో మరింత ముందుకు వెళ్లింది. బాట పక్క స్థలంలో గ్రంథాలయం, చలివేంద్రం, గాంధీజీ విగ్రహానికి గది కట్టాలని అక్కడి పురపాలక సంఘం పూనుకుంది. ఏ ఒక్కటీ చెడ్డ పని కాదు. అయినా దారిగా వదిలిన నేలను దారికి సంబంధం లేని కట్టడానికి వాడే హక్కు పురపాలక సంఘానికి కూడా లేదని కోర్టు తీర్పు చెప్పింది. కూడలికో విగ్రహం చొప్పున నిలబెట్టుకున్న మన పట్టణాలు ఈ తీర్పును చదివినట్టు లేవు.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానితో చేరిన 12వ షెడ్యూలులో మొదటి అంశం పట్టణ ప్రణాళిక, రెండోది భూ వినియోగ, భవన నిర్మాణ నియంత్రణ, నాలుగోది రోడ్లు, వంతెనలు. నగర సభకు అప్పగించదగిన పనుల్లో మొట్టమొదట రాసినవి ఇవే. మనం వాటినే చివరికి నెట్టాం. అంతకంటే దారుణం ఇంకొకటి ఉంది. 2007లో ఎన్నికైన విశాఖ పాలకవర్గం గడువు 2012లో ముగిసింది. తిరిగి ఎన్నికలు జరిగింది 2021 మార్చి 10న. మధ్యలో తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. అంటే 2020 మే 7 తెల్లవారుజామున ఈ పేటకు కార్పొరేటరే లేరు. ఫోను చేయడానికి లేరు, తర్వాత నిలదీయడానికీ లేరు. ఆ తొమ్మిదేళ్లలో మంజూరైన ప్లాన్లకు, మారిన జోన్లకు ఓటరుకు జవాబు చెప్పవలసిన మనిషి ఒక్కరూ లేరు.

2021లో మాస్టర్ ప్లాన్ 2041 ముసాయిదా ప్రకటించినప్పుడు వేల అభ్యంతరాలు వచ్చాయి. తమ ఇంటి మీదుగా రోడ్డు గీశారని తెలిసి జనం కదిలారు. ఇది ఆశ కలిగించే విషయమే. కానీ మనిషి తన గోడ మీదికి గీత వచ్చినప్పుడే కదులుతున్నాడు. పక్క సర్వే నంబరులో రంగు మారినప్పుడు కదలడం లేదు. కదలాలన్నా అతనికి ఆ సంగతి తెలిసే దారి లేదు. జోన్ మార్పు ప్రకటన పత్రికలో సర్వే నంబర్లతో చిన్న అక్షరాల్లో వస్తుంది. వెంకటాపురంలో బడి పిల్లలకు వంట చేసే ఇల్లాలు ఆ ప్రకటన చదివి, ఆ నంబరు తన పెరటి వెనకదని గుర్తుపట్టి, గడువు లోపల ఉత్తరం రాస్తుందని అనుకోవడం పాలన అనిపించుకోదు.

కాబట్టి ఈ వేదిక మీద నుంచి నగర పాలకమండలికి నా అభ్యర్థన ఇది. వీధిని మూయడానికి ఆ పాత బొంబాయి చట్టం చూపిన మర్యాదను భూ వినియోగానికీ చూపించండి. జోన్ మారుతున్నా, ఇళ్ల మధ్య గోడౌనుకో ఫంక్షన్ హాలుకో ప్లాను వస్తున్నా, కర్మాగారం పక్కన లేఅవుటు వేస్తున్నా, ఆ వీధిలోనే తెలుగులో నోటీసు అంటించండి. వార్డు సచివాలయంలో ఒక సాయంత్రం ఆ వీధివారిని కూర్చోబెట్టి వినండి. విన్నది రాసి ఫైలుకు జతచేయండి. నిర్ణయం మీకు నచ్చినట్టే ఉండనివ్వండి, కారణం మాత్రం రాతలో ఉండాలి. నగరంలో ప్రమాదకర రసాయనాలు నిల్వ చేసే ప్రతి కర్మాగారం చుట్టూ హద్దు గీయమని వీఎంఆర్‌డీఏను కోరుతూ తీర్మానం చేయండి. సలహా చెప్పడానికి, కోరడానికి, వినడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక సాధారణ సమావేశంలో, టేబుల్ అజెండాగా కాకుండా ముందే పంచిన అజెండాలో పెట్టి, చర్చించి చేయగలిగిన పని ఇది.

ఈ సభకు వచ్చిన మీకూ ఒక మాట. మీ వార్డులో ఈ నెల ఎన్ని ప్లాన్లు మంజూరయ్యాయో, ఎక్కడో, సచివాలయానికి వెళ్లి అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద రాతలో అడగండి. పక్క ఇంటిదైనా సరే, పక్క వీధిదైనా సరే, పథకం ప్రకారమే జరగాలని అడిగే హక్కు మీకుంది. ఉడుపి కేసు తీర్పుతో అది 1974 నుంచీ ఉంది.